మేడ ఎక్కని నీళ్ళు

పుదుచ్చేరి పట్టణం, పోలీసు కచేరి. 1926 ఆగస్టు 5, గురువారం ఉదయం. ఫ్రెంచి పోలీసు అధికారి కొమిసేర్ దొరగారి ఎదుట మునెమ్మ అనే స్త్రీ తెలుగులో చెప్పగా, కచేరి దుబాసీ సుందరమూర్తి ఆమె చెప్పిన వరుసలోనే రాసినది.

నా పేరు మునెమ్మ. మా ఆయన పేరు ఇరుసప్పన్. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా వయసు నలభై దాటింది, ఎంత దాటిందో తెలియదు. వైశ్యాల వీధిలో చెంగల్రాయన్ గారి ఇంట్లో వంటా, పై పనీ చేస్తాను. అదే వీధి చివర, వీధి కొళాయికి ఎదురుగా ఉన్న పెంకుటింట్లో నేనూ నా చెల్లెలు పాప్పాత్తీ ఉంటాము. నాకు చదువు రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడతాము గాని అక్షరం తెలియదు.

పోయిన శుక్రవారం నుంచి నా చెల్లెలిని ఈ కచేరిలో ఉంచారు. చెంగల్రాయన్ గారిని వేడినీళ్ళ ఆవిరితో చంపబోయిందని దాని మీద ఫిర్యాదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నన్ను కూడా అడిగారు. నేను వణుకుతున్నాను. ఒక మాట చెబితే ఇంకో మాట తడబడింది. చెల్లెలి గురించి అక్క చెప్పే మాట చెల్లదని ఎవరో అన్నారు. ఇవాళ నాకు వణుకు లేదు. నిన్న సాయంత్రం పెద్దయ్యకు తెలివి వచ్చింది. అందుకని జరిగినదంతా మొదటి నుంచి చెబుతాను.

పెద్దయ్య అంటే చెంగల్రాయన్ గారు. వేరుశనగ వ్యాపారం చేసి మానుకున్నారు. చిన్నయ్య అంటే ఆయన కొడుకు లోకనాథన్ గారు. చిన్నయ్య భార్య లోగనాయకి అమ్మ. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. నేను పనికి కుదిరినప్పుడు చిన్నయ్యకు ఇంకా మీసాలు రాలేదు.

ఈ వేసవిలో పెద్దయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది గాని మాకు అర్థమవుతుంది. ఆయన పడకగది మేడ మీద. మేడ మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు ఉంది. ఒకసారి కిందికి దించబోతే మలుపు దగ్గర గోడకు ఒరుసుకుని అరిచారు. మళ్ళీ దించలేదు, పైనే ఉంచేశారు.

రోజూ పొద్దున వేడినీళ్ళ తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టమని ఫ్రెంచి డాక్టరు చెప్పారు. నీళ్ళు చల్లారకూడదు, చల్లారితే లాభం లేదు అన్నారు. కింద పొయ్యి మీద కాచి, బిందెలతో పైకి మోసింది నేనే. చివరి బిందె పోసేసరికి మొదట పోసిన నీళ్ళు గోరువెచ్చన కూడా ఉండేవి కావు. పెద్దయ్యకు పళ్ళు టకటక కొట్టుకునేవి. అయినా నా మొహం చూసి, "సాలు మునెమ్మా, సాలు, బాగుండాయి" అనేవారు. బాగాలేవని ఒక్కరోజు కూడా అనలేదు.

అప్పుడు చిన్నయ్య ఒక రాగి కాగు కొనుక్కొచ్చారు. ఊరొదిలి సీమకు వెళ్ళిపోతున్న ఒక దొర ఇంట్లో సామాను అమ్ముతుంటే కొన్నారు. అది మనిషంత ఎత్తు. అడుగున కట్టెల పొయ్యి, పైన మూసి ఉన్న రాగి గొట్టం లాంటి పొట్ట. చన్నీళ్ళు అడుగు నుంచి లోపలికి వచ్చి నెడితే, కాగిన నీళ్ళు పై గొట్టంలోంచి స్నానపు తొట్టిలో పడతాయి. అడుగున నెట్టే నీళ్ళు లేకపోతే పైన ఏమీ పడదు. చన్నీళ్ళు వచ్చేచోట ఇత్తడి కొళాయి ఒకటి ఉంది. ఆ కొళాయి గురించే ఈ కేసంతా.

చిక్కు ఎక్కడంటే, మా వీధికి వచ్చే నీళ్ళకు బలం లేదు. పొద్దునా సాయంత్రమూ వదులుతారు. ముంగిట్లో తిప్పితే వేలు లావున ధార పడుతుంది. అదే గొట్టాన్ని మేడ మీదికి లాగి తిప్పితే బుస్సుమని గాలి. కాగును పైన బిగించిన రోజు చిన్నయ్య ఆ ఇత్తడి కొళాయి తిప్పి, రాగికి చెవి ఆనించి నిలబడ్డారు. పక్కగదిలో పెద్దయ్య మంచం మీద నుంచి, "వస్తాండాయా?" అని అడిగారు. చిన్నయ్య చెవి తీయకుండా అట్లాగే నిలబడ్డారు. నేను చూడలేక కిందికి వచ్చేశాను.

తర్వాత తట్టాంచావడి నుంచి వేలాయుధం అనే పంపుల పనివాణ్ణి పిలిపించారు. అతను గొట్టాలన్నీ చూసి చెప్పిన మాటలు నేను విన్నాను. అతనికి మజ్జిగ ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"ఈ నీళ్ళకు దమ్ము లేదయ్యా. మీరు కింద ఒక తొట్టి కట్టించండి. వీధి నీళ్ళు దాంట్లో మెల్లగా నిండనీ. ఆ తొట్టిలోంచి చేతి పంపుతో మిద్దె మీద ట్యాంకుకు ఎక్కిస్తాం. మిద్దె మీద నుంచి దిగే నీళ్ళకు దమ్ము తానుగా వస్తాది, మీ కాగు బాగా పని చేస్తాది."

"ఎన్నాళ్ళు పడతాది?" అని చిన్నయ్య అడిగారు.

"ఇటుక పని ఉండాది, ట్యాంకు చెయ్యించాల. ఒక నెల అనుకోండి."

"నెలా? అప్పటికి మా నాయన కాలు కట్టె అయిపోతాది. పంపును ఈ వీధి గొట్టానికే నేరుగా తగిలించు."

"తగిలించొచ్చు. అది మీ వాటా నీళ్ళనే కాదయ్యా, వీధి నీళ్ళన్నీ లాగేస్తాది."

"అది తరువాత చూద్దాం. ముందు మా నాయనకు వేడినీళ్ళు రానీ."

చిన్నయ్య మీద తప్పు మోపడానికి ఇది చెప్పడం లేదు. తండ్రి వణకడం ఆయన రోజూ చూస్తున్నారు. ఆ మాట విని నేనూ సంతోషించాను. మెట్లెక్కి మెట్లెక్కి నా మోకాళ్ళు వాచి ఉన్నాయి.

పంపును ముంగిట్లో, వీధి తలుపు పక్కనే బిగించారు. పొడుగాటి పిడి. ముందుకు వెనక్కు కొట్టాలి. కొట్టేది నేను. మొదటి రోజు నేను కొడుతుంటే పైన నీళ్ళు పడిన చప్పుడు వినిపించింది. లోగనాయకి అమ్మ మెట్ల మీద నుంచి వంగి, "వస్తాండాయి మునెమ్మా! పొగలు కక్కుతా వస్తాండాయి!" అని కేక పెట్టింది. ఆపి పైకి వెళ్ళి చూస్తే పెద్దయ్య మెడ దాకా నీళ్ళలో కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన మొహం అంత నిమ్మళంగా ఉండగా చూసి చాలా కాలమైంది. కొన్నాళ్ళకు ఆ పడిపోయిన కాలి బొటనవేలు కదిలింది. చిన్నయ్య ఇంట్లో అందరినీ పిలిచి చూపించారు. నన్ను కూడా పిలిచారు. వేలు మళ్ళీ కదిలేదాకా అందరం ఊపిరి బిగబట్టి చూశాము.

కానీ పంపు బిగించిన మొదటి రోజే నేను ఇంటికి వెళ్ళేసరికి పాప్పాత్తి గుమ్మంలో కూర్చుని ఉంది. దాని ముందు ఖాళీ కడవ ఉంది. అది మూడు ఇళ్ళకు నీళ్ళు మోసి బతుకుతుంది. వీధి కొళాయి వస్తేనే దానికి పని.

"ఏందో తెలీదు అక్కా, పొద్దున కొళాయి ఉన్నట్టుండి సచ్చిపోయింది. ఒక్క చుక్క లేదు. కొంచేపుంటే తానుగా లేచింది," అంది.

నాకు తెలుసు. ఆ కొంచెంసేపు నేను పంపు కొట్టిన సమయమే. వెంటనే చెప్పలేకపోయాను. అన్నం తిన్నాక చెప్పాను.

అది నన్ను చూసి, "నువ్వే కొడతాండావా?" అని అడిగింది.

"నేనే."

"పెద్దాయనకు బాగుంటాదా దాంతో?"

"బాగుంటాది. ఇయ్యాల నవ్వినాడు."

అది ఖాళీ కడవను గోడవారకు జరిపింది. తరువాత, "అట్టయితే కొంచెం మెల్లగా కొట్టు అక్కా," అంది.

మెల్లగా కొట్టి చూశాను. మెల్లగా కొడితే పైన నీళ్ళు నూలుపోగులా పడి తొట్టిలోనే చల్లారిపోయేవి. గట్టిగా కొడితే వీధి ఎండిపోయేది. పంపు దగ్గర నిలబడితే వీధి తలుపులోంచి కొళాయి కనిపిస్తుంది. ఆడవాళ్ళు వరసలో కడవలు పెట్టుకుని నా వైపే చూసేవాళ్ళు. వాళ్ళలో నా చెల్లెలూ ఉండేది. నేను కొట్టేకొద్దీ దాని కడవలో పడే ధార సన్నబడేది. ఇది రోజూ జరిగింది. పైన ఆయన వేలు కదులుతోంది, కింద నా వాళ్ళ కడవలు ఎండుతున్నాయి. నాకు రెండు పూటలా తిండి సయించేది కాదు.

పాప్పాత్తి వీధిలో నిలబడి అందరూ వినేటట్టు, "ఆ పంపును పెరికి సముద్రంలో పారేస్తా" అని అరిచిన మాట నిజం. నేను దాచను. కానీ దాని నోరు అంతే. వడియాలు ఎత్తుకుపోయే కాకిని కూడా పెరికి పారేస్తా అంటుంది.

ఇక పోయిన శుక్రవారం. అది ఆడి నెలలో శుక్రవారం, అమ్మవారికి పండుగ రోజు. ప్రతి ఇంట్లోనూ గడపలు కడిగి, తలస్నానాలు చేస్తున్నారు. వీధంతా ఒకేసారి నీళ్ళు తోడుతోంది. ఎనిమిది గంటలప్పుడు చిన్నయ్య పెద్దయ్యను ఎత్తుకెళ్ళి తొట్టిలో కూర్చోబెట్టారు. లోగనాయకి అమ్మ కాగు కింద నిండుగా కట్టెలు పెట్టి వెలిగించి, దీపం పెట్టడానికి పూజగదిలోకి వెళ్ళింది. చిన్నయ్య పైనుంచి, "కొట్టు మునెమ్మా" అన్నారు. కొట్టాను. కాసేపు బాగా వచ్చాయి. ఆ తరువాత పిడి చేతిలో ఉన్నట్టుండి తేలికైపోయింది. బావిలో బొక్కెన తెగి తాడు మాత్రం చేతికి వచ్చినట్టుంది. ఎంత కొట్టినా గాలే.

"చిన్నయ్యా, నీళ్ళు లేవు" అని కేక వేశాను.

ఆయన కిందికి దిగి వచ్చారు. అప్పుడే ఆడవాళ్ళు వీధి తలుపు దగ్గరికి వచ్చేశారు. ముందు పాప్పాత్తి, చంకలో ఖాళీ కడవ.

"ఏంది అయ్యా ఇది? ఆడి శుక్రవారం నాడు గడప కడిగేదానికి నీళ్ళు లేవు. ఆ పంపు ఆపమని చెప్పండి."

"మా నాయన పైన తొట్టిలో ఉండాడు పాప్పాత్తీ. కొంచేపు ఓర్చుకోండి."

"దినాలూ ఓర్చుకునే ఉండాం. మా అక్క మొహం చూసి నేను నోరు మూసుకుని ఉండా. ఈళ్ళందరికీ అక్కలు లేరు గదా!"

ఆ మాటకు వెనకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మొదలుపెట్టారు. చిన్నయ్య గుమ్మానికి చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు. ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు. పాప్పాత్తి ఆయన చెయ్యి కిందుగా దూరి ముంగిట్లోకి, నా పక్కకు వచ్చింది. పంపును పెరకడానికి కాదు. "నువ్వైనా చెప్పు అక్కా" అని నా భుజం పట్టుకుని ఊపింది. అప్పటినుంచి చప్పుడు అయ్యేదాకా అది నా పక్క నుంచి కదలలేదు. మేడ ఎక్కలేదు. ఈ మాట ఆ రోజు కూడా చెప్పాను, ఇవాళ కూడా చెబుతున్నాను. అది మేడ ఎక్కలేదు.

మాలో ఎవరికీ పైనున్న నిప్పు గుర్తు రాలేదు. కాగులో నీళ్ళు కొన్ని తొట్టిలోకి పోయాయి, మిగిలినవి గొట్టంలో వెనక్కి జారిపోయాయి. కాగు వట్టిదైంది. కింద కట్టెలు మండుతూనే ఉన్నాయి. ఇదంతా తరువాత వేలాయుధం వచ్చి చూసి చెప్పాడు. అప్పుడు మాకు తెలియదు.

ఆడవాళ్ళంతా కొళాయి కట్టేసి మా గుమ్మానికి వచ్చేశారు కదా, వీధి గొట్టంలో నీళ్ళు మళ్ళీ చేరాయి. నా చేతిలో పిడి బరువెక్కింది. నీళ్ళు వచ్చేశాయి, పెద్దయ్య వణుకుతూ ఉంటారు అనుకున్నాను. బలమంతా పెట్టి కొట్టాను.

నేనే కొట్టాను. ఈ చేతులతోనే చన్నీళ్ళను ఆ కాలుతున్న వట్టి కాగులోకి కొట్టాను.

పైన ఢబ్బున పేలిన చప్పుడు. వెంటనే బుస్సుమని ఒక పెద్ద కూత, ఆగకుండా. ఆ కూతలో పెద్దయ్య అరుపు. పాప్పాత్తి చంకలోని కడవ కింద పడి పగిలింది. అది మెట్లకేసి పరుగెత్తింది, వెనకే నేను. చిన్నయ్య గుమ్మం దగ్గర ఆడవాళ్ళ మధ్య చిక్కుకున్నారు.

స్నానాల గది తెల్లగా ఉంది. ఆవిరి. గోడ కూడా కనపడలేదు. చన్నీళ్ళ గొట్టం కాగులో కలిసేచోట రాగి చీలి, ఆవిరి అక్కడి నుంచి తొట్టి మీదికి కొడుతోంది. పాప్పాత్తి తలమీది చుట్టకుదురు గుడ్డ తీసి చేతికి చుట్టుకుని ఆ ఇత్తడి కొళాయి పట్టుకుని తిప్పింది. ఆవిరి అందులోంచే వస్తోంది, మూస్తే ఆగుతుంది అనుకుంది. గుడ్డ కాలి అరచేతికి అంటుకుంది. అది "అమ్మా" అని కూడా అనలేదు. "అక్కా, కాళ్ళు పట్టుకో" అని నాకు చెప్పింది.

చిన్నయ్య మెట్లెక్కి వచ్చి చూసింది ఆ క్షణమే. తండ్రి తొట్టిలో అరుస్తున్నారు, పాప్పాత్తి చెయ్యి కొళాయి మీద ఉంది. అంతకు ముందు జరిగింది ఆయన చూడలేదు. తరువాతది ఆవిరిలో కనపడలేదు. నేను కాళ్ళు పట్టాను. పాప్పాత్తి చంకల కింద చేతులు వేసి ఎత్తింది. పెద్దయ్య భారీ మనిషి, పైగా ఒళ్ళంతా తడి. ఎట్లా ఎత్తామో నాకు తెలియదు. ఆయన్ను వసారాలోకి లాగి పడుకోబెట్టామో లేదో, గదిలో కాగు నిట్టనిలువునా విచ్చుకుని తొట్టిలో పడింది. ఆయన కూర్చున్న చోటనే పడింది. తొట్టి అంచు విరిగిపోయింది.

చిన్నయ్య తండ్రి మీద పడి, "కొళాయి మూసేసింది! నీళ్ళు రాకుండా ముందే వచ్చి మూసేసింది! నా కళ్ళతో చూసినా!" అని అరిచారు. జవానులు వచ్చారు. పాప్పాత్తిది వీధినంతా దద్దరిల్లజేసే నోరు, ఆ పూట ఒక్క మాట రాలేదు. కాలిన చేతిని రొమ్ముకు ఆనించుకుని వాళ్ళ వెంట నడిచి వెళ్ళిపోయింది.

పెద్దయ్యకు వీపు, ఎడమ భుజం కాలాయి. ఆసుపత్రిలో చేర్చిన రాత్రి నుంచి జ్వరం, ఒంటి మీద తెలివి లేదు. ఆ గదిలో ఆయన తప్ప ఇంకో సాక్షి లేడు. ఆయన కళ్ళు తెరవకుండా పోతే నా చెల్లెలు హంతకురాలే. నేను పొద్దున ఈ కచేరికి చెల్లెలికి అన్నం తెచ్చి ఇచ్చి, అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళి వరండాలో కూర్చునేదాన్ని. పొమ్మని ఎవరూ అనలేదు. చిన్నయ్య నా వైపు చూసేవారు కాదు. లోపల పెద్దయ్య బతకాలని మొక్కేదాన్ని. ఆయన కోసం మొక్కుతున్నానా, పాప్పాత్తి కోసమా అంటే చెప్పలేను. రెండూ ఒకటే అయిపోయాయి.

మంగళవారం నాడు చిన్నయ్య బయటికి వచ్చి నా పక్కన నిలబడ్డారు. "మునెమ్మా, నేను సరిగ్గా చూసినానా?" అని అడిగారు. నేను "మీరు చూసింది చూసినారు అయ్యా, దానికి ముందు చూళ్ళేదు" అన్నాను. ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

నిన్న సాయంత్రం నేను ఇంటికి వచ్చి దీపం వెలిగిస్తున్నాను. లోగనాయకి అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె మా ఇంటికి అంతకు ముందెప్పుడూ రాలేదు. తలుపు పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది. ఆ మొహం చూసి పెద్దయ్య పోయారనుకుని నేను కింద కూలబడ్డాను.

"లే మునెమ్మా, లే. మామయ్య కండ్లు తెరిచినారు. జ్వరం దిగింది. 'ఆ పిల్ల యాడ' అని అడగతాండారు."

"ఏ పిల్ల అమ్మా?"

"నీ చెల్లెలే! ఇంకెవరు!"

ఆసుపత్రికి ఎట్లా వెళ్ళామో గుర్తు లేదు. పెద్దయ్య బోర్లా పడుకుని, మొహం పక్కకు తిప్పి ఉన్నారు. చిన్నయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు.

"యాడ ఆ పిల్ల?" అని మళ్ళీ అడిగారు పెద్దయ్య. మాట ముద్దగానే ఉంది గాని గట్టిగా ఉంది. "నన్ను ఎత్తిన పిల్ల. దాని చెయ్యి కాలింది. మందు పెట్టినారా?"

చిన్నయ్య అడిగారు, "నాయనా, అది ముందే వచ్చి కొళాయి మూసిందా?"

"ఎవురూ రాలే. నీళ్ళు తానుగా నిలిచిపోయినాయి. కాగు ఎర్రగా అయింది. నిన్ను పిలిచినా. నాలుగుసార్లు పిలిచినా. కింద ఒకటే అరుపులు. నీకు ఎట్టా వినపడతాది?" అని ఊపిరి తీసుకుని, "పగిలినాక వచ్చింది ఆ పిల్ల. అది రాకుంటే నేను లేను," అన్నారు.

చిన్నయ్య తల మంచం పట్టెకు ఆనించారు. "నేను దాన్ని పోలీసుకు పట్టించినా నాయనా."

"పట్టిస్తే పోయి విడిపించుకో రా. ఈడ కూకోని ఏం చేస్తాండావు?"

చిన్నయ్య లేచి అట్లాగే వెళ్ళిపోయారు. చెప్పులు మంచం కింద ఉండిపోయాయి. కొమిసేర్ దొరగారి ఇంటికి వట్టి కాళ్ళతో వెళ్ళారని తరువాత తెలిసింది. నేను పెద్దయ్య పాదాల దగ్గర నిలబడి ఏడ్చాను. డాక్టరు వచ్చి వీపుకు మందు రాస్తే మంటకు పెద్దయ్య కాళ్ళు ముడుచుకున్నారు. రెండు కాళ్ళూ ముడుచుకున్నారు. డాక్టరు ఆ కుడి కాలిని చూసి నవ్వి ఫ్రెంచిలో ఏదో అన్నారు. బతుకుతారని అన్నారట.

ఇవాళ పొద్దున కొమిసేర్ దొరగారు, దుబాసీ గారు ఆసుపత్రికి వెళ్ళి పెద్దయ్య చెప్పింది రాసుకున్నారు. ఆ తరువాతే నన్ను పిలిపించారు.

లోకనాథన్ గారి మీద నేనేమైనా ఫిర్యాదు ఇస్తానా అని దొరగారు అడిగారు. ఇవ్వను. ఆయన తెల్లవారగానే మా గుమ్మం ముందుకు వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడి, "తప్పయిపోయింది మునెమ్మా, మీ చెల్లెలికి నా మొహం ఎట్టా చూపించాలో తెలీదు" అన్నారు. "మొహం చూపించండి చాలు అయ్యా, మిగతాది అదే తిట్టుకుంటాది" అన్నాను. వీధి గొట్టం నుంచి పంపును ఆదివారమే విప్పేశారు. వేలాయుధం చెప్పిన పద్ధతిలో ముంగిట్లో ఇటుక తొట్టి కడుతున్నారు. అది వీధి నీళ్ళను లాగదు, వచ్చినంత పట్టుకుంటుంది. అందులోంచి మిద్దె మీది ట్యాంకుకు కొట్టాలి. పెద్దయ్య ఇంటికి వచ్చేసరికి సిద్ధమవుతుందట. వీధి కొళాయి ఇప్పుడు పొద్దున వదిలింది మొదలు కట్టేదాకా ఆగకుండా వస్తోంది.

ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. నా చెల్లెలిని ఎప్పుడు వదులుతారు అని అడిగాను. అప్పుడే వదిలేశామని, వెనక వరండాలో కూర్చుని ఉందని దుబాసీ గారు చెప్పారు. నేను రాయడం ఆపమన్నాను. దొరగారు సరేనన్నారు.

[ఇక్కడ మునెమ్మ బయటికి వెళ్ళి వచ్చేదాకా రాత ఆపబడింది.]

వెళ్ళి చూశాను. వరండా చివర కొళాయి దగ్గర కూర్చుని ఉంది. కుడి చేతికి తెల్లని కట్టు ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేచింది. నేను దాని తల పట్టుకుని ఒళ్ళంతా తడిమాను. అది నా చెవి దగ్గర నోరు పెట్టి, రహస్యం చెప్పినట్టు ఇట్లా చెప్పింది:

"అక్కా, ఈడ కొళాయి చూసినావా? తిప్పితే నీళ్ళు చేతిని ఎగరగొట్టేస్తాండాయి. ఏం దమ్ము, ఏం దమ్ము! ఆరు దినాలు చూస్తానే ఉండా. మన వీధికి రాకుండా అన్నీ ఈడికే వస్తాండాయి."

నాకు నవ్వు వచ్చింది. అదీ నవ్వింది. ఇద్దరం నవ్వీ నవ్వీ స్తంభం పట్టుకున్నాం. జవాను తొంగి చూశాడు. దొరగారు ఏమిటని అడిగితే దుబాసీ గారు ఫ్రెంచిలో చెప్పారు. దొరగారు కూడా లేచి ఆ కొళాయి వైపు చూశారు. కచేరిలో నవ్వినందుకు మమ్మల్ని ఏమీ అనలేదు.

నేను చెప్పవలసింది ఇంతే. రాసినదాన్ని దుబాసీ గారు మొదటి నుంచి చివరి దాకా నాకు చదివి వినిపించారు. ఇది నా నోటి నుంచి వచ్చిన మాటే. కలిపింది లేదు, దాచింది లేదు, ఎవరూ చెప్పమని చెప్పింది కాదు. నా కళ్ళు చూసిందీ నా చేతులు చేసిందీ ఇదే.

మునెమ్మ, కుడి బొటనవేలి ముద్ర.
(ఆమె ఎడమ చేతి బొటనవేలు కూడా ఆ రోజు ఆవిరికి కాలిపోయి కట్టు ఉన్నందువల్ల కుడి వేలు వేయించడమైనది. ముద్ర వేస్తున్నప్పుడు చెల్లెలు పాప్పాత్తి ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నది. విడవమని చెప్పలేదు. — సుందరమూర్తి, దుబాసీ.)